ఎవరికీ చూపొద్దు అన్న ఫైలు

మా ఆయన కంప్యూటర్లో ఫైళ్లకు పెట్టే పేర్లు చూసినప్పుడల్లా, మా పిల్లలకు పేర్లు పెట్టే పని ఆయన చేతికి ఇవ్వకుండా మా అత్తమ్మ ఎంత మేలు చేసిందో అనుకుంటాను. ఆయనకే వదిలేసి ఉంటే మా పెద్దమ్మాయి పేరు ‘వానలో పుట్టింది దవాఖానలో కరెంటు లేదు’ అని ఉండేది. స్కూలు రిజిస్టరులో ఒక వరుస చాలేది కాదు.

మాది కరీంనగర్‌లో పెండ్లి కార్డుల దుకాణం. ముందు గదిలో కూర్చుని రకాలు చూపించేది, మాట కలిపేది, వచ్చినవాళ్ల ఇంటి సంగతులన్నీ కనుక్కునేది ఆయన. లోపల కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలు కొట్టి కార్డు తయారుచేసేది నేను. పని ఇలా పంచుకున్నా, కొత్త ఫైలు తెరిచి దానికి పేరు పెట్టే హక్కు మాత్రం ఆయన వదులుకోలేదు. పెండ్లికూతుళ్ల పేర్లు ఏ ఏడాదికి ఆ ఏడాది ఒకేలా ఉంటాయి కదా. “పేరుతోటి దేవులాడితే పదిమంది దొరుకుతరు. గుణంతోటి దేవులాడితే ఒక్కరే దొరుకుతరు” అంటాడు. అందుకని తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, వచ్చిన మనుషుల గుణగణాలన్నీ ఫైలు పేరులో పెట్టి, చివర ఫోన్ నంబరు తగిలిస్తాడు.

‘మేనమామ పేరు పెద్దగ పెట్టాలె లేకుంటె లొల్లి జమ్మికుంట’ అని ఒక ఫైలు. ‘ఎంత చెప్పినా తెమలని రిటైర్డ్ సారు నాలుగోసారి మార్చిండు’ అని ఇంకొకటి. ‘వలీమా కార్డు పెద్దాయన మంచోడు చాయ్ తాగిపిస్తడు’ అని ముస్లింల పెండ్లి విందు కార్డు ఒకటి. ‘పిలగాని ఫొటో జర తెల్లగ చెయ్యాలె వాళ్లకు తెల్వొద్దు’ అని మరొకటి. ఇవన్నీ మా ఇద్దరి మధ్య ఉన్నంతవరకు బాగానే ఉంది. నేను లోపల కూర్చుని నవ్వుకునేదాన్ని.

పోయిన మాఘమాసంలో, కార్డుల పని ఊపిరాడకుండా ఉన్నప్పుడు, మా సాఫ్ట్‌వేర్ మొరాయించడం మొదలుపెట్టింది. తెలుగు అక్షరాలతో పేజీలు తయారుచేసే ఆ సాఫ్ట్‌వేర్‌ను కొందరు ఇష్టంతో తయారుచేసి ఊరికే ఇస్తున్నారు. మా జిల్లాల్లో కార్డుల దుకాణాల వాళ్లు చాలామంది దాన్నే వాడతారు. కొన్ని ఫైళ్లు చక్కగా తెరుచుకునేవి. కొన్ని తెరవగానే సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసి మూసుకుపోయేది. ఏవి తెరుచుకుంటాయో, ఏవి తెరుచుకోవో ఒక పద్ధతంటూ లేదు. నేను తల పట్టుకున్నాను. మా ఆయన మాత్రం హుషారుగా, “నేను వాళ్లకు రాస్త, నువ్వు ఫికర్ జెయ్యకు” అన్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఉంది. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా అందులో రాయవచ్చు, ఎవరైనా చదవవచ్చు. మా ఆయన తన ఇబ్బంది రాశాడు. ఎక్కడో ఉండి ఆ పనులు చూసే ఒకావిడ మర్యాదగా జవాబిచ్చింది. “సర్, లాగ్ ఫైలు జతచేయండి. పంపే ముందు పేజీ పైన ఉన్న సూచనలు ఒకసారి చూడండి” అంది. లాగ్ అంటే సాఫ్ట్‌వేర్ తనకోసం తాను రాసుకునే దినచర్య. ఎప్పుడు లేచింది, ఏ ఫైలు తెరిచింది, అది ఏ ఫోల్డర్లో ఉంది, ఎక్కడ పడిపోయింది, అన్నీ పూసగుచ్చినట్టు రాసి పెట్టుకుంటుంది. ఆ సూచనల్లో ఉన్నది ఒక్కటే: లాగ్ పంపేముందు అందులో మీ పేర్లు, ఫోన్ నంబర్లు, ఫైళ్ల పేర్లు ఏమైనా ఉంటే తీసేయండి, ఈ పేజీ అందరికీ కనిపిస్తుంది అని.

మా ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివేది క్రికెట్ స్కోరు ఒక్కటే. పొద్దున దుకాణం తెరవగానే సూచనలు దాటేసి లాగ్ మొత్తం ఉన్నదున్నట్టు జతచేసి, లోపలికి వచ్చి నాతో గొప్పగా చెప్పాడు. “అంతా పంపిన. ఒక్కటి దాచలే. డాక్టరు కాడ, వీళ్ల కాడ ఏది దాచద్దు.”

భోజనాల వేళకు శ్రీరాంపూర్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ కార్డుల దుకాణం నడిపే మనిషి. తన దగ్గర పని ఎక్కువైతే మాకు పంపుతుంటాడు. మా ఆయన అన్నం తింటున్నాడని ఫోన్ నేనే ఎత్తాను. అవతల నవ్వు తప్ప మాట వినిపించలేదు.

“ఏమైంది తమ్మీ?” అన్నాను.

“వదినా, అన్న గా పేజీల పెట్టిన లాగ్ చూసినవా? మా దుకాణంల అందరం నవ్వి నవ్వి సచ్చినం. మేనమామ లొల్లి ఏంది, తెమలని సారేంది!” అన్నాడు. అంతలోనే గొంతు మారింది. “గని వదినా, ‘శ్రీరాంపూర్ తొందరోడు నెత్తి తింటుండు’ అని ఉన్నది. గది నేనేనా?”

“శ్రీరాంపూర్‌ల ఇంకెవరన్న ఉన్నరేమో” అన్నాను. ఆ ఊళ్లో మాకు పని పంపేది ఆయన ఒక్కడే. పాపం, ఆయనకూ ఆ సంగతి తెలుసు. కొంచెం చిన్నబుచ్చుకున్నా, పెట్టేసే ముందు మామూలుగా ఇంకో మాట అన్నాడు. “అన్నట్టు వదినా, గా హుస్నాబాద్ అక్క ఎవరు? మా ఇంటామెది హుస్నాబాదే గద. ఎవరై ఉంటరా అని పొద్దటి సంది అడుగుతుంది.”

ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ హుస్నాబాద్ ఆమె ఎవరో నాకు బాగా తెలుసు. సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం ఒక్కతే వచ్చింది. నలభై దాటిన మనిషి, అంగన్‌వాడీ టీచరు. భర్త పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. తల్లీ తండ్రీ కూడా లేరు. భర్త పోయినప్పటి నుంచీ అత్తమ్మతోనే ఒకే ఇంట్లో ఉంటోంది. ఉట్నూర్‌లో ఆఫీసులో పనిచేసే ఒకాయనతో, ఆయనా భార్య పోయినవాడే, పెండ్లి మాట కుదిరింది. గుడిలో చిన్నగా చేసుకుంటారు. దగ్గరివాళ్లకు ఇవ్వడానికి కొన్ని కార్డులు కావాలంది. వెళ్లబోతూ మా ఆయనతో అంది, “అన్నా, జర ఎవరికీ చెప్పకురి. మా అత్తమ్మకు ఇంక చెప్పలే. ఇంకెవరి నోట్లకెల్లి ఇన్నా ఆమె తట్టుకోది. నేనే కూసుండవెట్టి చెప్పాలె.”

మా ఆయన ఆమెకు మాటిచ్చాడు. మాటిచ్చి, లోపలికి వచ్చి, ఫైలు తెరిచి, మరిచిపోకుండా ఉండాలని దానికి పెట్టిన పేరు ఇది: ‘అత్తకు ఇంక చెప్పలే హుస్నాబాద్ అంగన్‌వాడీ అక్క ఉట్నూర్ సంబంధం ఎవరికీ చూపొద్దు’. ఆ వెంట ఆమె ఫోన్ నంబరు.

ఎవరికీ చూపొద్దు అన్న మాటను కూడా అందరికీ చూపించిన మనిషి మా ఆయన తప్ప ఇంకొకరు ఉంటారా? చదివిన వాళ్లు అమెరికా వాళ్లయినా బాగుండేది, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ పేజీ చూసేదల్లా మంచిర్యాల, జగిత్యాల, నిర్మల్ వైపు కార్డుల దుకాణాల వాళ్లు. పెండ్లి కబుర్లు మోసుకుని బతికే వాళ్లం మేమంతా. సరిగ్గా ఎవరికి తెలియకూడదో వాళ్ల చేతుల్లోనే పెట్టాడు.

అన్నం తిని కడిగిన చెయ్యి ఆరకముందే ఆయనను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. జతచేసిన ఫైలు తీసేశాం. తీసేస్తే అయిపోతుందనుకున్నాను గానీ, ఆ పేజీలో ఎవరు ఏది పెట్టినా చేరిన వాళ్లందరికీ మెయిల్‌లో కూడా పోతుందట. పాత కాపీ కూడా ఎక్కడో ఉంటుందట. ఆ పనులు చూసే ఆవిడకు ఉన్న సంగతి రాశాను. ఆమె తన వైపు ఉన్నదంతా వెంటనే తుడిచేసింది. “మెయిల్‌లో వెళ్లినదాన్ని మేము వెనక్కి తేలేము మేడం, ఆ అక్కకు మీరే చెప్పండి” అని కూడా రాసింది. ఆ మాట నాకు నచ్చింది. మా ఆయనకు నచ్చలేదు.

“తీసేసినం గద, ఇగ చెప్పుడెందుకు? ఆమె ఉట్టిగనే పరేషాన్ అయితది” అని నీళ్లు నమిలాడు.

“ఏమయ్యా, ఆమె అత్తకు ఇంకెవరో చెప్తే ఏమవుతది? శ్రీరాంపూర్ ఆయన పెండ్లాం పొద్దటి సంది ఆరా తీస్తుంది. ఊళ్లె ఒక్క ఫోన్ చేస్తే అయిపాయె. నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?”

“నువ్వే చెప్పరాదూ, ఆడోళ్లు ఆడోళ్లు మాట్లాడుకుంటె మంచిగుంటది.”

“మాటిచ్చింది మొగోడు. మొగోడే చెప్పాలె” అన్నాను. ఫోన్ కలిపి ఆయన చెవికి నేనే పెట్టాను.

ఆయన తడబడుతూ మొత్తం చెప్పాడు. అవతల ఆమె గొంతు నాకూ వినిపించింది. “అన్నా, నేను మీ మీద నమ్మకంతోటి చెప్పిన. మీరు దాన్ని ఫైలు మీద రాసుకున్నరా?” అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “నెల దినాల సంది రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంటున్న. నోరు వస్తలేదు. ఇగ ఇయ్యాల్నే చెప్పాలె” అని పెట్టేసింది. మా ఆయన మొహం చూస్తే నాకు కూడా పాపం అనిపించింది. కానీ ఆ పూట చాయ్ మాత్రం ఆయనే పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆమె నుంచి కబురు లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కార్డు సగంలో ఆగి ఉంది. నాకు పని మీద మనసు నిలవలేదు. ఆ ముసలామె ఏమందో, ఈమె ఇల్లు వదిలి వెళ్లవలసి వచ్చిందో, మా వల్ల ఒక పెండ్లి చెడిందో అని ఒకటే దిగులు. ముందు గదిలో మా ఆయన కూడా వచ్చినవాళ్ల ఇంటి సంగతులు అడగడం మానేశాడు. ఒక పెద్దమనిషి తనంతట తానే అల్లుడి గురించి చెప్పబోతే, “వద్దు సార్, నాకు చెప్పకురి” అని చేతులు జోడించాడు.

ఈలోగా సాఫ్ట్‌వేర్ రోగం అట్లాగే ఉంది. లాగ్ మళ్లీ పంపాలి, ఈసారి గుట్టు బయటపడకుండా. మొదట మా ఆయన తన ఫోన్‌తో తెర ఫొటో తీసి, పేర్ల మీద వేలితో నల్లరంగు పూశాడు. వెలుతురు పెంచి చూస్తే కింద అక్షరాలన్నీ సుబ్బరంగా కనిపిస్తున్నాయి. మేనమామ లొల్లి ఇంకా స్పష్టంగా కనిపించింది. “వద్దు” అన్నాను. రెండోసారి భయం ఎక్కువై, కనపడ్డ మాటనల్లా చెరిపేసి పంపాడు. “సర్, ఇందులో తేదీలు, గడియారం తప్ప ఏమీ మిగల్లేదు. ఎక్కడ పడిపోయిందో తెలిపే వరుసలు కూడా పోయాయి” అని ఆవిడ జవాబు. మా ఆయనకు నడిమధ్య రకం ఉండదు. చెప్తే అంతా చెప్తాడు, లేకపోతే అసలు చెప్పడు.

ఇక ఆ పని నేను తీసుకున్నాను. ముందు లాగ్‌ను ఇంకో కాపీ చేసుకుని ఒక్కో వరుసా చదివాను. ప్రతి వరుసలోనూ మా ఆయన పేరు ఉంది, కంప్యూటర్ ఆయన పేరు మీదే ఉంది మరి. ప్రింటరుకు మేం పెట్టిన పేరూ ఉంది. ఏ పొద్దు దుకాణం తెరిచామో, ఏ పొద్దు కునికామో కూడా అర్థమయ్యేలా ఉంది. మా ఇంట్లో మనిషి ఉండి రాసినా అంత రాయడు. తప్పు జరిగిన చోటును తెలిపే మాటల్ని ముట్టుకోలేదు. మనుషులను పట్టించే మాటలను మాత్రం మార్చాను.

మార్చడానికి నా చేతికి అలవాటయిన పద్ధతి ఒకటుంది. కార్డు నమూనా తీసేటప్పుడు పెండ్లివాళ్లు ఒక్కోసారి కొన్ని పేర్లు వెంటనే చెప్పరు. ‘పిలిచేవాళ్లలో ఎవరిని ముందు పెట్టాలో ఇంట్ల అడిగి చెప్తం’ అంటారు. ఆ చోటు ఖాళీగా వదిలితే వరుసలు జరిగిపోయి కార్డు అందం చెడుతుంది. అందుకని పేరు ఎంత పొడవుంటుందో అంత మేర ఎక్స్‌లు కొట్టి పెడతాను. ఇక్కడా అదే చేశాను. ఒక అక్షరం తీస్తే ఒక ఎక్స్, ఒక అంకె తీస్తే ఒక ఎక్స్. మేనమామా లేడు, తెమలని సారూ లేడు, హుస్నాబాద్ అక్కా లేదు. వరుస తర్వాత వరుస ఎక్స్‌లే.

జవాబు తొందరగానే వచ్చింది. “మేడం, మీరు పేర్లు దాచి వాటి పొడవు మాత్రం ఉంచారు. రోగం ఆ పొడవులోనే ఉంది” అని రాసింది. ఫైలు పేరుకూ, అది ఉన్న ఫోల్డర్ల పేర్లకూ కలిపి కంప్యూటర్ ఒక హద్దు పెట్టుకుంటుందట. ఆ హద్దు దాటిన పేరు ఎదురైతే మా సాఫ్ట్‌వేర్‌కు ఏం చెయ్యాలో తోచక పడిపోతోంది. దాన్ని వాళ్లు సరిచేస్తామన్నారు. అప్పటిదాకా చిన్న పేర్లు పెట్టుకోమన్నారు.

నేను ఆ జవాబు మా ఆయనకు గట్టిగా చదివి వినిపించాను. రెండుసార్లు. గుట్టు బయటపడిందీ ఆ పేర్ల వల్లే, సాఫ్ట్‌వేర్ పడిపోయిందీ ఆ పేర్ల వల్లే. “నీ పెత్తనం మోయలేక కంప్యూటర్ కూడా పడిపోయింది” అన్నాను. “నంబర్లు పెడితే నాకెట్ల దొరుకుతయే?” అని గునిశాడు గానీ, ఆ పూటే కూర్చుని అన్ని ఫైళ్లకూ ఉట్టి నంబర్లు పెట్టాడు. ఒక్కటి మాత్రం మార్చలేదు. ఆ హుస్నాబాద్ ఫైలును ముట్టుకోవడానికే ఆయనకు చెయ్యి రాలేదు.

చివరికి ఒక పొద్దున ఆమె దుకాణం మెట్లెక్కింది. వెనక ఆమె చెయ్యి పట్టుకుని ఒక ముసలామె. సన్నటి మనిషి, నేత ఇంటామె, ఏళ్లతరబడి నూలు కండెలు చుట్టిన వేళ్లు కొంచెం వంగి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

“గా పేరు వెట్టినోడు ఎవడు?” అంది.

మా ఆయన లేచి నిలబడ్డాడు.

“ఏమని వెట్టినవు కొడుకా? సదువు, నేను ఇంట.”

ఆయన నా వైపు చూశాడు. నేను తెర వైపు చూశాను. తప్పక చదివాడు. “అత్తకు ఇంక చెప్పలే...” అక్కడ ఆగాడు.

“చెప్పింది” అంది ముసలామె. “చెప్పింది గద. మార్చు దాన్ని.” మా ఆయన గబగబా వంగి ఆ పేరు చెరిపి ఒక నంబరు కొట్టాడు. ఆమె అటు చూడనుకూడా లేదు. కోడలి వైపు తిరిగింది. “నాకు చెప్పనీకె నెల దినాలు బుగులువడ్డదట. నేనేమన్న రాచ్చసినా? నా కొడుకు పోయినంక ఇన్నేండ్ల సంది నాకు బువ్వ వెట్టింది ఇది. ఇది బుగులువడ్డదని ఇన్నకాన్నుంచి నాకు అన్నం దిగుతలేదు.”

కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “ఏడ్చింది వదినా, బాగ ఏడ్చింది. మాట్లాడలే. నిన్న లేచి, కార్డు నేను సూడాలె పద అన్నది” అని నాతో చెప్పింది. నాకూ కళ్లు చెమర్చాయి. దిగులంతా ఒక్కసారి దిగిపోయింది.

సగం చేసిన కార్డు తెర మీద తెరిచాను. ముసలామె దగ్గరికి వచ్చి, వేలు పెట్టి ఒకచోట ఆగింది. “గిక్కడ గీ కత్తెర గీతలేంది?”

“పెండ్లికూతురు దిక్కు పిలిచేటోళ్ల పేరు రావాలె అవ్వా. అక్క ఇంక చెప్పలే” అన్నాను.

“ఎవరి పేరు వెట్టాలె అత్తమ్మా? అవ్వ లేదు, బాపు లేడు” అంది కోడలు మెల్లగా.

“ఏం, నేను సచ్చిన్నా?”

నేను ఎక్స్‌లు చెరిపి ఆమె పేరు అడిగి కొట్టాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఇదంతా రాయడానికి వాళ్లిద్దరూ ఒప్పుకున్నారు, పేర్లు వద్దన్నారు. పొడుగాటి పేరు, నేను అనుకుని పెట్టిన ఎక్స్‌లు చాలలేదు. వరుస కిందికి దిగి కార్డంతా జరిగిపోయింది. మా ఆయన వెనక నుంచి తొంగిచూసి, అక్షరాలు చిన్నగా చెయ్యమన్నాడు. నేను వినలేదు. కింద ముహూర్తాన్ని, గుడి పేరును ఇంకొంచెం కిందికి తోసి ఆ పేరుకు చోటు చేశాను.

“పేరు కింద ఏమని రాయాల్నే అక్కా? తల్లి అని రాయాల్నా?” అని అడిగాను.

“అత్తమ్మ అని రాయి వదినా” అంది ఆమె.

ఎన్నో ఏళ్లుగా పెండ్లి కార్డులు చేస్తున్నాను. పెండ్లికూతురు వైపు పిలిచేవాళ్ల వరుసలో అత్తమ్మ అన్న మాట కొట్టడం నాకు అదే మొదటిసారి.